ఓ చింతచెట్టా, మోటారు ఆపుతున్నాం

నిన్న కాలేజీలో కంప్యూటర్ ల్యాబు తలుపు తీయగానే కర్పూరం, నలిగిన నిమ్మకాయ, తడి బంతిపూలు కలిసిన వాసన ముక్కుకు తగిలింది. ఆయుధ పూజ. ల్యాబులో కొత్తగా చేరిన హరిత అప్పటికే కంప్యూటర్లన్నిటికీ విభూతి పెట్టి, మూలనున్న మా పాత సర్వరుకు కాస్త పెద్ద బొట్టే దిద్ది, స్విచ్చు మీద వేలుంచి నా వైపు చూసింది. "ఆపేద్దామా మేడం?" అంది. "ఆగమ్మా, ముందు చెప్పాలి" అన్నాను. ఎవరికి చెప్పాలో తను అడగలేదు, కొత్త కదా, మొహమాటం. నాకు మాత్రం ఆ వాసనతో పాటే అలిపిరి వెళ్లే దారిలోని ఒక ప్రింటింగ్ ప్రెస్సు, అందులో సిరా మరకల వేళ్లతో కీబోర్డు మీద ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టే మునిరత్నం గారు కళ్లముందుకొచ్చారు. ఆయన్ని చూడనివాళ్లకు ఆయన సంగతి చెప్పాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను. ఒక మాట ముందే చెప్పేస్తాను. ఆయనతో నేను సరేనన్న రోజుల కంటే పోట్లాడిన రోజులే ఎక్కువ. అందుకు నేనేమీ సిగ్గుపడను.

మా పరిచయమే పోట్లాటతో మొదలైంది. నేను గుంటూరు వైపు నుంచి తిరుపతికి కంప్యూటర్ లెక్చరరుగా వచ్చినదాన్ని. రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో, కాలేజీ పత్రిక అచ్చు వేయించే పని నా నెత్తిన పడి, మునిరత్నం గారి ప్రెస్సుకు ఇచ్చాను. ఒక విద్యార్థిని రాసిన కథలో 'ఉండాది' అనే మాట వస్తే ప్రూఫులో 'ఉంది' అని దిద్దాను. పత్రిక అచ్చయి వచ్చాక చూస్తే 'ఉండాది' చెక్కుచెదరకుండా ఉంది. ఆ పత్రికల కట్ట చంకలో పెట్టుకుని ప్రెస్సుకు వెళ్లాను. ఆయన మిషను ఆపి, చేతులు గుడ్డకు తుడుచుకుంటూ వచ్చారు. "ఆ పాప వాళ్ల అవ్వ మాట్లాడినట్ల రాసింది మేడం. అవ్వ 'ఉంది' అంటాదా?" అన్నారు. "అచ్చులో తప్పులా కనిపిస్తుంది కదండీ" అన్నాను. "ఎవురికి కనిపిస్తాది? ఈడ అందురూ అట్లనే అంటారే" అని, నాకు కుర్చీ వేసి, లోపలికి వినబడేలా కాఫీ చెప్పారు. కాఫీ వచ్చేసరికి నా కోపం సగమైంది, కానీ వాదన మాత్రం వదల్లేదు.

అప్పట్లో కంప్యూటర్‌లో ఇంగ్లీషు మాట తప్పు కొడితే కింద ఎర్రగీత వచ్చేది. తెలుగులో ఏం కొట్టినా దానికి ఒకటే. ఆ మాట నేను మాటల్లో అంటే మునిరత్నం గారు పట్టుకున్నారు. "ఆ ఎర్రగీత మనకి మనమే తెచ్చుకుందాం. 'ఉండాది' కింద గీత పడకుండా సూసుకునేది నా పూచీ" అన్నారు. అలా పుట్టింది 'తప్పొప్పులు'. తెలుగు మాటలకు స్పెల్లింగు సరిచూసే చిన్న ప్రోగ్రాము. ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చు, లోపల ఎలా పనిచేస్తుందో విప్పి చూసుకోవచ్చు, బాగుచేసి మళ్లీ అందరికీ ఇవ్వవచ్చు. ప్రోగ్రాము రాసింది నేను, మాటలు ఏరింది ఆయన. నెమ్మదిగా ఊరూరి నుంచీ మనుషులు కలిశారు. పాకాల జంక్షన్‌లో రైల్వే ఉద్యోగం చేసే ప్రభుదాస్ గారు ముందుగా వచ్చి, ఆ తర్వాత ఎన్నడూ వదిలి వెళ్లలేదు. ఒక్కో మాట ఎలా రాయాలో మెయిళ్లలో చర్చించుకునేవాళ్లం. ఎవరి జిల్లాలో ఏమంటారో, ఎందుకంటారో చెప్పుకునేవాళ్లం. మా ప్రోగ్రాము కంటే ఆ చర్చలే విలువైనవని నాకు అప్పుడే అనిపించేది.

ఈ సరుకంతా పెట్టుకోవడానికి ఒక చోటు కావాలి. ఇలాంటి బృందాలకు ఉచితంగా చోటిచ్చే విదేశీ సైటు ఒకదాంట్లో పెట్టుకున్నాం. డబ్బు అడగరు, మిషను మనం చూసుకోనక్కర్లేదు, అంతా సుఖమే. చిక్కల్లా ఒక్కటే. మా చర్చల్లో తెలుగు అక్షరం రాస్తే అక్కడ అది ప్రశ్నార్థకంగా మారిపోయేది. పేజీ నిండా ప్రశ్నార్థకాలే. ఆ సైటువాళ్లకు ఎన్ని ఉత్తరాలు రాసినా ఉలుకూ పలుకూ లేదు. చేసేది లేక తెలుగు మాటల గురించి ఇంగ్లీషు అక్షరాల్లో చర్చించుకున్నాం. ఒక మాటలో దీర్ఘం ఉండాలా వద్దా అని నేనూ మునిరత్నం గారూ వారమంతా వాదించుకుని, చివరికి ఇద్దరం దీర్ఘమే ఉండాలంటున్నామని తెలిసి తలలు పట్టుకున్న సందర్భం కూడా ఉంది.

"మనమే సొంతంగా ఒక సర్వరు పెట్టుకుందాం" అని మునిరత్నం గారు అన్నది అప్పుడే. తిరుపతి చుట్టుపక్కల వాళ్లం ప్రెస్సులో కాగితం కట్టల మీద కూర్చుని ఉన్నాం. "బాడుగ కూడా కట్టని ఇల్లు మేడం అది. ఓనరు గోడకి మేకు కొట్టనీకపోతే అడిగే హక్కు మనకి యాడుండాది? మన మాటలు మన తావులో ఉండాల" అన్నారు. నేను ఒప్పుకోలేదు. "సొంతిల్లు అనగానే సరిపోదు సార్. రోజూ ఊడ్చేదెవరు? కరెంటు పోతే ఏం చేస్తారు? దొంగ మెయిళ్లు వచ్చి పడితే ఎవరు కాపలా కాస్తారు? మనం మాటలు ఏరడానికి చేరాం, మిషనుకు సేవ చేయడానికి కాదు. ఒక్కసారి అది మూతబడిందంటే మన చర్చలన్నీ పోతాయి, మనుషులూ పోతారు" అన్నాను. నా భయం ఉత్తుత్తిది కాదు. ఇలా నడిచే బృందాలు మనుషుల నమ్మకం మీదే బతుకుతాయి. అది ఒక్కసారి చెదిరితే మళ్లీ పోగుచేయడం కష్టం. కానీ ప్రశ్నార్థకాలు అందరి మనసులోనూ ముల్లులా ఉన్నాయి. చేతులెత్తమంటే నా వైపు పెద్దగా ఎవరూ లేరు. మునిరత్నం గారు నా ముఖం చూసి, "ఒక దసరా దాకా సూద్దాం మేడం. నడవకపోతే మీరు సెప్పినట్లే వెనక్కి పోదాం" అన్నారు. ఆ దసరాయే మా కొంప ముంచబోతుందని అప్పుడు ఆయనకూ తెలియదు, నాకూ తెలియదు.

ప్రెస్సు వెనకగదిలో ఒక పాత కంప్యూటరును సర్వరుగా చేశాం. అప్పుడప్పుడే వచ్చిన బ్రాడ్‌బ్యాండు తీసుకున్నాం, కరెంటు పోతే నిలబెట్టే బ్యాటరీ పెట్టాం. మొదటిసారి మా చర్చల పేజీలో తెలుగు తెలుగుగా కనబడిన రోజు మునిరత్నం గారు వాళ్లావిడ చెంగమ్మ గారిని వంటింట్లోంచి పిలుచుకొచ్చి చూపించారు. ఆమె చదివి, "బాగుండాది. ఇన్నాళ్లూ బాగాలేదా ఏమి?" అన్నారు. వ్యతిరేకించినదాన్నే అయినా ఆ రోజు నేనూ సంతోషించాను. గుణింతాలన్నీ ఎక్కడివక్కడ ఉన్నాయి. మిషను నెలల తరబడి ఆగకుండా నడిచింది. నేను వారానికోసారి వెళ్లి ఏదో ఒక లోపం వెతికి చెప్పేదాన్ని, ఆయన సరిచేసేవారు.

దసరా వచ్చింది. సెలవులు కదా అని హైదరాబాదులో మా సభ్యుడొకాయన పెద్ద శిబిరం పెట్టాడు. మేం ఎన్నాళ్లుగానో చేస్తున్న కొత్త 'తప్పొప్పులు' ఆ రోజే బయటికి రావాలి. అక్కడికి వచ్చినవాళ్లంతా మా సర్వరు నుంచే దాన్ని దింపుకుని తమ కంప్యూటర్లలో పెట్టుకోవాలి. పొద్దున్నే ఆయన దగ్గర్నుంచి నాకు ఫోను. సైటు లేదు. జనం కూర్చుని ఉన్నారు. నేను మునిరత్నం గారి ఇంటికి ఫోను చేశాను. "సార్, సర్వరు పనిచేయడం లేదు" అన్నాను. ఆయన చాలా ప్రశాంతంగా, "పని సెయ్యదు మా. ఈ పొద్దు ఆయుధ పూజ కదా" అన్నారు. నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. తర్వాత ఆయనే చెప్పారు. ప్రెస్సు మిషనుకు, కత్తెరకు, కటింగ్ మిషనుకు ఎలా చేస్తారో అలాగే సర్వరునూ తుడిచి, బొట్టు పెట్టి, దండ వేసి, మెయిన్ ఆపేసి, తాళంచెవి దేవుడి ముందు పెట్టారు. దశమి నాడు పూజ అయ్యాకే మళ్లీ తీసేది. ప్రెస్సు పెట్టినప్పటి నుంచీ ఆ రోజు ఏ మిషనూ నడిపింది లేదట. మా వైపు ఇంత పట్టింపు లేదు. యంత్రానికి సెలవు ఇస్తారన్న సంగతి నా ఊహకే రాలేదు. శిబిరం సంగతి చెప్పగానే ఆయన గొంతు మారిపోయింది. "అయ్యో, ఆ సంగతే తట్టలేదు మేడం. మన మిషను ప్రెస్సులోని మిషన్లలో ఒకటి అనుకున్నానే గానీ, అంతమంది దాని ముందు కూర్చోని ఉంటారని అనుకోలేదు" అన్నారు. తాళంచెవి మాత్రం తీయలేకపోయారు. తీయమని గట్టిగా అడగడానికి నాకూ నోరు రాలేదు.

హైదరాబాదు శిబిరం వెలవెలబోయింది. అక్కడి సభ్యుడు మెయిల్ గ్రూపులో, 'పండక్కి సెలవు పెట్టే సర్వరును నమ్ముకుని నేను ఇంకొకరిని పిలవలేను' అని రాశాడు. నేనూ ఊరుకోలేదు. వెనక్కి, ఆ విదేశీ సైటుకే పోదామని, వచ్చే ఆదివారం కూర్చుని తేల్చేద్దామని రాశాను. మునిరత్నం గారు గ్రూపులో ఒక్క మాటా రాయలేదు. నాకు ఫోనూ చేయలేదు. నేనూ చేయలేదు. ఆ వారమంతా నేను అలిపిరి దారి వైపే పోలేదు. మనసులో ఒక మూల బాధగానే ఉంది. ఆయన అంత ఇష్టంగా కట్టుకున్న ఇంటిని నేనే కూలగొట్టమంటున్నాను. కానీ నేనన్న మాట తప్పని మాత్రం అనుకోలేదు, ఇప్పటికీ అనుకోవడం లేదు.

శనివారం గ్రూపులో ఆయన పేరుతో ఒక మెయిల్ వచ్చింది. అందులో ఉన్నది ఇంతే: 'ఓ చింతచెట్టా, సాయంత్రం ఒక గంటసేపు మోటారు ఆపుతున్నాం, బ్యాటరీ మార్చాలి.' కింద సంతకం లేదు. కొందరు అది పొరపాటున వచ్చిందనుకున్నారు. హైదరాబాదాయన, 'సార్‌కు ఒంట్లో బాగానే ఉందా' అని నన్ను అడిగాడు. నాకూ భయం వేసి ప్రెస్సుకు వెళ్లాను. ఆయన లేరు, బ్యాటరీ కోసం బజారుకు వెళ్లారు. చెంగమ్మ గారికి మెయిల్ సంగతి చెబితే ఆమె పైట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు.

"అది మా ఊరి మాట మా. చంద్రగిరి పక్కన మాకు ఉమ్మడి బావి ఉండాది. మా మామకి, ఆయన తమ్ముడికి మాటల్లేవు. బావి ఒకటే, మోటారు ఒకటే, వంతులేసుకుని పారబెట్టుకుంటారు. సెప్పకుండా మోటారు ఆపితే ఆ పక్క కాలవ తీసి పెట్టుకున్నోడు ఊరికే ఎదురు సూస్తా ఉంటాడు కదా. మాట్లాడుకునేదానికి లేదు, సెప్పకుండా ఉండేదానికీ లేదు. అందుకని గెనిమ గట్టు మీద నిలబడి, బావి కాడుండే చింతచెట్టుకి సెప్పినట్ల, 'ఓ చింతచెట్టా, మోటారు ఆపతా ఉండాం' అని కేకేసేవోళ్లు. ఆ పక్కాయన విన్నానని ఒకతూరి దగ్గేవాడు. అంతే."

"మరి ఇప్పుడు చింతచెట్టు ఎవరు?" అని అడిగాను, అడుగుతున్నప్పుడే తెలిసిపోయింది.

"ఎవురుమా మాట్లాడకుండా ఉండేది?" అన్నారు చెంగమ్మ గారు.

నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ప్రెస్సులోనే ఇంకో కంప్యూటరు ముందు కూర్చుని గ్రూపులో జవాబు రాశాను. 'దగ్గాను. కానీ ఆపడమెందుకు? ఒక బావికి రెండు మోటార్లు ఉండకూడదా?' ఆ కాసేపట్లోనే పాకాల నుంచి ప్రభుదాస్ గారు, 'రెండోది మా ఇంట్లో పెట్టండి' అని రాశారు.

ఆదివారం మీటింగులో మునిరత్నం గారు ముందుగా లేచారు. "మిషనుకి విశ్రాంతి ఇచ్చింది తప్పని నేను అనుకోను. సెప్పకుండా ఇచ్చినానే, అది తప్పు. ఉమ్మడి బావి కాడ పుట్టినోడు సెయ్యాల్సిన తప్పు కాదు" అన్నారు. అంతకుమించి సాగదీయలేదు. తర్వాత నా వైపు తిరిగి, "పాపా, రోజూ ఊడ్చేదెవురని నువ్వు అడిగితివి. నాకు అప్పుడు జవాబు లేదు. ఇప్పుడు ఉండాది, వంతులేసుకుందాం" అన్నారు. మేడం పోయి పాప వచ్చిందని అందరూ గమనించారు, మనసుకు తగిలింది మాత్రం నాకే. వెనక్కి పోదామన్న నా ప్రతిపాదనను నేనే పక్కన పెట్టాను. నా భయాలకు అక్కడ కూర్చున్నవాళ్లు ఒక్కొక్కరూ ఒక్కో వంతు తీసుకున్నారు. కాపలా ఒకరిది, నకళ్లు తీసిపెట్టడం ఒకరిది. ఆయుధ పూజ నాడు తిరుపతి మిషను ఆగితే పాకాల మిషను నడవాలి. క్రిస్మస్‌కు ప్రభుదాస్ గారి ఇంటికి సున్నం వేసి సామాన్లన్నీ బయట పెడతారు, ఆ రోజుల్లో పాకాలది ఆగితే తిరుపతిది నడవాలి. ఆపేముందు ఎవరైనా సరే చింతచెట్టుకు చెప్పాలి. విన్నవాళ్లు దగ్గాలి. కోపం తెచ్చుకున్న హైదరాబాదాయన మరుసటి దసరాకు మళ్లీ శిబిరం పెట్టాడు. ఆ రోజు తిరుపతి మిషను బొట్టు పెట్టుకుని హాయిగా పడుకుంది. శిబిరానికి వచ్చినవాళ్లకు ఆ సంగతే తెలియదు.

తర్వాతి ఏళ్లలో ఆ పాత విదేశీ సైటు దుకాణం కట్టేసింది. అందులో ఉండిపోయిన ఎన్నో బృందాల చర్చలు పోయాయి. చూశావా అని మునిరత్నం గారు నన్ను ఒక్కసారి కూడా దెప్పలేదు. దెప్పి ఉంటే నేనూ నా వాదన మళ్లీ మొదలుపెట్టి ఉండేదాన్ని, ఎందుకంటే సొంత చోటు ఉన్నంత మాత్రాన ఏదీ నిలబడదు, దాన్ని చూసుకునే మనుషులు ఉంటేనే నిలబడుతుంది. ఒకసారి వేలూరు నుంచి తమిళ కుర్రాళ్లు కొందరు వచ్చారు. తమిళ మాటలకు అలాంటిదే చేస్తున్నారట, మా సర్వరులో చోటు అడిగారు. మునిరత్నం గారు వాళ్లతో తమిళంలోనే మాట్లాడి కాఫీలు ఇప్పించి, "తావుకేమి, కావలసినంత ఉండాది. వంతు తీసుకుంటారా?" అని అడిగారు. వాళ్లు సరేనన్నారు. అప్పుడు ఆయన ముఖంలో కనిపించిన గర్వం నేను ఎన్నటికీ మర్చిపోను. నాకూ అంతే గర్వంగా ఉండింది. పెద్ద పెద్ద ఊళ్లలో ఉన్నవాళ్లు చేయని పని మా ప్రెస్సు వెనకగదిలో జరిగింది. అందులో ఆయన పట్టుదలతో పాటు నా గొణుగుడూ ఉంది.

ఆయన ఒక వేసవి ఉదయం పోయారు. తెల్లవారి కాఫీ తాగి, కుర్చీలో కూర్చున్నవారు అలాగే ఒరిగిపోయారట. నాకు ఆ సంగతి తెలిసిన తీరు చెప్పాలి. కాలేజీకి బయల్దేరుతుంటే ఫోను మోగింది. అవతల చెంగమ్మ గారు. వెనకాల మనుషుల అలికిడి, ఎవరో ఏడుస్తున్నారు. ఆమె గొంతు మాత్రం సన్నగా, నిలకడగా ఉంది.

"ఓ చింతచెట్టా" అన్నారు. "మోటారు ఆపతా ఉండాం. పెద్దాయన పోయినాడు. సావింట్లో మిషన్లు నడవకూడదని ఇరుగుపొరుగోళ్లు మెయిన్ ఆపేయమంటా ఉండారు. పాకాల దాన్ని సూసుకోండి మా. సుట్టాలకి ఇంకా సెప్పలేదు, మీకే ముందు సెప్తా ఉండా."

చేతిలోని సంచి కింద పెట్టి, ఒకసారి దగ్గాను.

"వినబడింది మా" అని ఆమె ఫోను పెట్టేశారు.

ఆ సర్వరు పదో రోజు దాటాక మా కాలేజీ ల్యాబుకు వచ్చింది. లోపలి భాగాలన్నీ ఎన్నోసార్లు మారాయి, పెట్టె మాత్రం ఆయనదే, దాని పక్కన కుంకుమ మరక ఇంకా పోలేదు. ఏదైనా ఆపాల్సి వస్తే, అది మిషను కావచ్చు, ఒక పని కావచ్చు, ఒక మనిషితో ఉన్న మాట కావచ్చు, ముందుగా చెప్పి ఆపడం నాకు ఆయన దగ్గరే అలవాటైంది. చెప్పకుండా ఆగిపోయినవాళ్లను చూస్తే ఇప్పటికీ కోపం వస్తుంది. మాట్లాడుకోని వాళ్లకు కూడా చెప్పడానికి ఒక దారి ఉంటుందని తెలుసు కాబట్టి.

నిన్న హరిత స్విచ్చు మీద వేలుంచి ఎదురుచూస్తుంటే నేను గ్రూపులో ఎప్పటి మాటే కొట్టాను. 'ఓ చింతచెట్టా, మోటారు ఆపుతున్నాం.' పాకాలలో ప్రభుదాస్ గారు రిటైరయ్యారు, కంటికి ఆపరేషను కూడా అయింది, జవాబుకు కొంత సమయం పడుతుంది. హరిత ఓపిక పట్టలేక, "ఇంకా ఆపొద్దా మేడం?" అంది. అప్పుడు తెర మీద ఆయన దగ్గర్నుంచి ఒక్క మాట వచ్చింది.

'దగ్గాను.'

"ఇప్పుడు ఆపు" అన్నాను.